పాఠకుల ప్రశ్నలు: సభలు నిండాయి, చందాలు కురిశాయి, టికెట్ మాత్రం రాలేదు

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటున్నాడు. అక్కడ కుర్రాళ్లు ఇప్పటికీ రాన్ పాల్ పేరు చెప్పుకుంటారట. ఆయన యూనివర్సిటీల్లో సభ పెడితే హాలు నిండిపోయేదనీ, చందాలు కుప్పలుగా వచ్చేవనీ అంటాడు. మరి రిపబ్లికన్ పార్టీ ఆయన్ని ఎందుకు దూరం పెట్టింది?
(సీతమ్మధార నుంచి ఒక పాఠకుడు)

జవాబు: రాన్ పాల్ టెక్సాస్‌కి చెందిన మాజీ కాంగ్రెస్ (పార్లమెంటు) సభ్యుడు, 2008లోనూ 2012లోనూ రిపబ్లికన్ అధ్యక్ష టికెట్ కోసం పోటీ పడ్డారు. చందాల మాట నిజమేనండి. 2007 డిసెంబర్ 16న, బోస్టన్ టీ పార్టీ (పన్నుల మీద అమెరికన్ల పాత తిరుగుబాటు) వార్షికోత్సవం నాడు, ఆన్‌లైన్లో ఒక్కరోజే దాదాపు 60 లక్షల డాలర్లు వచ్చాయి. పార్టీ దూరం పెట్టిందన్నది మాత్రం సగమే నిజం. మన దగ్గర బీ-ఫారం అధినేత చేతిలో ఉంటుంది. అమెరికాలో ఆ పని ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకోవడానికి రాష్ట్రాలవారీగా జరిగే ఎన్నిక) ఓటర్లది. 2012 జనవరిలో ఆ ఓటర్లు ఏం చేశారో చూడండి: పాల్‌కి అయోవాలో 21 శాతం, న్యూహాంప్‌షైర్‌లో 23, సౌత్ కరోలినాలో 13, ఫ్లోరిడాలో 7.

న్యూహాంప్‌షైర్‌లో ఏ పార్టీలోనూ నమోదు కాని ఓటరు కూడా రిపబ్లికన్ ప్రైమరీలో ఓటు వేయొచ్చు. పాల్ బలం అక్కడే. ఫ్లోరిడాలో ఆ వెసులుబాటు లేదు, పార్టీ పేరుతో నమోదైనవాళ్లకే ఓటు. పైగా అది రిటైరైన పెద్దల రాష్ట్రం. అయోవాలో 30 ఏళ్లలోపు వాళ్లలో దాదాపు సగం మంది పాల్‌కే వేశారు. కానీ ప్రైమరీ రోజున బూత్ దాకా వచ్చేవాళ్లలో ఆ వయసువాళ్లు కొద్దిమందే.

ఇంతకన్నా పెద్ద చిక్కు రెండో ఇష్టం. పోటీలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే తప్పుకుంటుంటే వాళ్ల ఓట్లు ఎటు పోతాయన్నదే ప్రైమరీల అసలు లెక్క. పాల్‌ని మొదటి ఇష్టంగా పెట్టుకున్నవాళ్లు గట్టివాళ్లు, ప్రాణం పెడతారు. రెండో ఇష్టంగా పెట్టుకున్నవాళ్లు దాదాపు లేరు. రిపబ్లికన్ పార్టీలో వ్యాపార వర్గం, చర్చి వర్గం, రక్షణ వర్గం కలిసి నడుస్తాయి. పన్నులు తగ్గిస్తానంటే మొదటి వర్గానికి నచ్చింది, కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్‌నే ఎత్తేస్తానంటే జంకింది. ప్రసూతి వైద్యుడైన పాల్ గర్భస్రావానికి వ్యతిరేకి, అందుకు చర్చి వర్గం మెచ్చుకుంది. డ్రగ్స్ సంగతి రాష్ట్రాలే చూసుకోవాలంటే మొహం తిప్పుకుంది.

మూడో వర్గంతో మాత్రం రాజీకి చోటే లేదు. 2002లో ఇరాక్ యుద్ధ తీర్మానానికి ఆయన వ్యతిరేకంగా ఓటు వేశారు. 2007 మే నెలలో సౌత్ కరోలినా డిబేట్‌లో, మధ్యప్రాచ్యంలో అమెరికా జోక్యమే సెప్టెంబర్ 11 దాడులకు ఒక కారణమన్నారు. పక్కనే ఉన్న న్యూయార్క్ మాజీ మేయర్ జూలియానీ ఆ మాట వెనక్కి తీసుకోమన్నారు. పాల్ తీసుకోలేదు. ఇంటర్నెట్‌లో అభిమానులు పెరిగిందీ, సౌత్ కరోలినా లాంటి సైనిక కుటుంబాల రాష్ట్రంలో తలుపులు మూసుకుందీ ఈ మాటతోనే.

ఇక ఖర్చుల కోతలు. 2011 అక్టోబర్‌లో ఇచ్చిన ప్రణాళికలో మొదటి ఏడాదే లక్ష కోట్ల డాలర్ల ఖర్చు తగ్గిస్తాననీ, ఇంధన, వాణిజ్య, విద్య, అంతర్గత వ్యవహారాల, గృహనిర్మాణ శాఖలు ఐదింటినీ రద్దు చేస్తాననీ రాశారు. గాజువాకలో నిలబడి, పన్నులు తగ్గిస్తా, లైసెన్సులు ఎత్తేస్తా, స్టీల్ ప్లాంటూ అమ్మేస్తా అన్న అభ్యర్థిని ఊహించుకోండి. మొదటి రెండింటికీ చప్పట్లు కొట్టిన చెయ్యే మూడోదానికి జెండా కర్ర పట్టుకుంటుంది. ఆ మాటకొస్తే పాల్ కూడా తన నియోజకవర్గంలోని టెక్సాస్ తీరపు రొయ్యల పరిశ్రమకు కేంద్ర నిధులు అడిగి, మొత్తం బిల్లుకు మాత్రం వ్యతిరేకంగా ఓటు వేసేవారు. డబ్బు ఎలాగూ ఖర్చవుతుంది కదా, మా జిల్లాకూ రానివ్వండి అన్నది ఆయన వాదన. వినడానికి బాగానే ఉంది, కానీ గిట్టనివాళ్లకు అదే ఆయుధమైంది. ఆయన పేరుతో వెలువడిన పాత న్యూస్‌లెటర్లలోని జాతి విద్వేష రాతలూ అంతే. అవి తాను రాయలేదన్నా మచ్చ పోలేదు.

పార్టీ పెద్దల భయం వేరు. 1988లో ఈయన, ప్రభుత్వ జోక్యం తక్కువగా ఉండాలనే లిబర్టేరియన్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీ చేశారు. రిపబ్లికన్ టికెట్ దక్కిన మెకెయిన్‌నీ 2008లో, రామ్నీనీ 2012లో బలపరచలేదు. గెలిస్తే మన మాట వినడు, ఓడితే మనవాడికి పని చెయ్యడు అనిపించిన నాయకుడికి ఏ గవర్నరైనా (అక్కడ గవర్నరంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు) ఎందుకు మద్దతిస్తాడు? ఈ ఒక్క విషయంలో తప్పు పార్టీది కాదనే మా అభిప్రాయం.

ప్రశ్న: అయోవాలో మూడో స్థానంలో వచ్చిన మనిషికే చివరికి ఎక్కువ డెలిగేట్లు దక్కారని చదివాను. అదెలా సాధ్యం?
(గాజువాక నుంచి ఒక పాఠకుడు)

జవాబు: డెలిగేట్లంటే పార్టీ మహాసభలో అభ్యర్థికి ఓటేసే ప్రతినిధులు. అప్పటి రూల్స్ ప్రకారం అయోవా కాకస్ (ప్రైమరీ బదులు కార్యకర్తలు ఒకచోట కూడి జరిపే సమావేశం) రాత్రి వేసే ఓటు జనాభిప్రాయం తెలుసుకోవడానికే. దానికి డెలిగేట్లు కట్టుబడక్కర్లేదు. ఓటు అయ్యాక చాలామంది కోట్లు తొడుక్కుని ఇంటికి పోతారు. కౌంటీ సమావేశానికి ప్రతినిధుల్ని ఎన్నుకునేది ఆ తరవాతే. పాల్ మనుషులు కదలకుండా కూర్చుని ఆ పేర్లలో తమవే రాయించుకున్నారు. కౌంటీ నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్ర మహాసభకు ఇలాగే ఎక్కారు. చివరికి అయోవా 28 మందిలో 22 మంది ఆయనకే ఓటేశారు. నెవాడాలోనూ, మిన్నెసోటాలోనూ ఎక్కువమంది ఆయనవాళ్లే.

బెడిసికొట్టింది 2012 ఆగస్టులో టంపాలో జరిగిన పార్టీ జాతీయ మహాసభలో. అభ్యర్థి పేరు ప్రతిపాదించాలంటే ఐదు రాష్ట్రాల్లో మిగతావాళ్లకన్నా ఎక్కువ డెలిగేట్లు చాలు అన్న రూలును, ఎనిమిది రాష్ట్రాల్లో సగానికి పైగా ఉండాలని మార్చేశారు. మెయిన్ నుంచి వచ్చిన పాల్ డెలిగేట్లలో సగం మందిని తప్పించారు. రాష్ట్రాలవారీగా ఓట్లు చెబుతుంటే వేదిక మీద నుంచి రామ్నీ అంకె ఒక్కటే తిరిగి చదివారు. గెలుపు ఖాయమైనవాడి తరఫున ఇంత అల్పత్వం అక్కర్లేదు. రూలు పుస్తకం చదివి గెలవాలనుకునేవాళ్లు ఆ పుస్తకం దిద్దే కమిటీలో ఎవరున్నారో ముందు చూసుకోవాలి.

ప్రశ్న: పత్రికలూ టీవీలూ ఆయన్ని తొక్కేశాయంటారు. నిజమేనా?
(అక్కయ్యపాలెం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: కొంత నిజం. 2011 ఆగస్టులో అయోవాలోని ఏమ్స్ నమూనా పోలింగ్‌లో టికెట్ కోసం పోటీ పడిన మిషెల్ బాక్‌మన్‌కి 4,823, పాల్‌కి 4,671 ఓట్లు వచ్చాయి. తేడా 152. మర్నాడు టీవీలన్నీ బాక్‌మన్ చుట్టూనే తిరిగాయి. అయితే ఫ్లోరిడా 7 శాతాన్ని టీవీల మీదకు నెట్టలేం.

ప్రశ్న: కొడుకు రాండ్ పాల్ కాస్త మెత్తబడ్డారు కదా, ఆయనకైనా కలిసిరాలేదేం?
(మద్దిలపాలెం నుంచి ఒక విద్యార్థి)

జవాబు: సెనెటర్ అయిన రాండ్‌ని మెత్తబడటమే దెబ్బకొట్టింది. 2015లో రక్షణ బడ్జెట్ పెంచాలని సెనెట్‌లో సవరణ తెచ్చారు. యుద్ధ వర్గం నమ్మలేదు, తండ్రి అభిమానులు చల్లబడ్డారు. వ్యవస్థ మీద కోపంతో ఓటేసేవాళ్లకు ఆ ఏడు ట్రంప్ దొరికారు. 2016 అయోవాలో రాండ్‌కి 4.5 శాతం వచ్చింది, రెండు రోజులకే తప్పుకున్నారు.

ప్రశ్న: ఇంత తంటా ఎందుకు, మూడో పార్టీ నుంచి నిలబడితే పోలా?
(భీమిలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: నిలబడి చూశారండి, 1988లోనే. దాదాపు 4.3 లక్షల ఓట్లు, అర శాతం కూడా కాదు. బ్యాలెట్‌లో పేరు రావడానికి 50 రాష్ట్రాల్లో 50 రకాల రూల్స్, సంతకాల సేకరణకే చందాలు కరిగిపోతాయి. పెద్ద డిబేట్లలోకి రావాలంటే సర్వేల్లో 15 శాతం ఉండాలన్నది ఏళ్లపాటు నడిచిన షరతు. ఇద్దరు పెద్ద అభ్యర్థులూ జనానికి నచ్చని 2016లో కూడా, రెండుసార్లు గవర్నర్‌గా చేసిన లిబర్టేరియన్ అభ్యర్థి గ్యారీ జాన్సన్‌కి 3.3 శాతమే దక్కింది. అధ్యక్షుణ్ణి తేల్చేది రాష్ట్రాలకు కేటాయించిన ఎలక్టోరల్ ఓట్లు; 48 రాష్ట్రాల్లో మొదటివాడికే అవన్నీ పోతాయి కాబట్టి ఆ 45 లక్షల ఓట్లకు ఒక్క ఎలక్టోరల్ ఓటూ రాలేదు.

ప్రశ్న: మన దేశంలో ఇలాంటి పార్టీ ఎప్పుడైనా ఉందా?
(ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: దగ్గరగా వచ్చింది రాజాజీ 1959లో పెట్టిన స్వతంత్ర పార్టీ. లైసెన్సుల రాజ్యానికీ, సహకార సేద్యానికీ ఎదురు నిలిచింది. అధ్యక్షుడు మన ఎన్.జి. రంగా. 1967లో ఆయన శ్రీకాకుళం నుంచి ఆ పార్టీ తరఫునే లోక్‌సభకు గెలిచారు. గౌతు లచ్చన్న గారూ అప్పుడు అందులోనే ఉన్నారు. ఆ ఏడు 44 సీట్లతో లోక్‌సభలో అతి పెద్ద ప్రతిపక్షం అదే. పాల్‌కి లేనిది దానికి ఉంది: ఊరూరా రైతు నాయకులు, కొన్నిచోట్ల పాత సంస్థానాల పలుకుబడి. సిద్ధాంతం చదివి ఓటేసినవాళ్లు మాత్రం ఎప్పుడూ తక్కువే. 1971లో ఇందిర గాలికి 8 సీట్లకు పడిపోయింది, 1974లో భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. రంగా గారు అప్పటికే కాంగ్రెస్‌కి తిరిగి వెళ్లిపోయారు.