మైదా జిగురు కాచిన గిన్నె

చి. అమ్మాయికి ఆశీస్సులు.

మీ తాతగారి మీద నువ్వు పంపిన పది పేజీలూ రెండుసార్లు చదివాను. "ఊరికి ఎనలేని సేవ చేశారు", "అందరికీ తలలో నాలుకలా ఉండేవారు" అన్నావు. నిజమే అయ్యుంటుంది. కానీ ఆ మాటలు ఎవరి తాతగారికైనా సరిపోతాయి. మీ తాతగారు నాకు కనబడింది ఏడో పేజీలో. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలకు అట్టలు వేసేవారని రాశావే, అక్కడ ఆగిపోయాను. ఆ జిగురు ఏ గిన్నెలో కాచేవారు? మైలుతుత్తం విషం కదా, మీ అమ్మమ్మ ఆ గిన్నెను వంటింట్లోకి రానిచ్చేదా? అతికించిన పుస్తకాల మీద బరువుకి ఏం పెట్టేవారు, సన్నికల్లా? ఆయన సరదా, ఊరి పని రెండూ ఆ గిన్నెలోనే ఉన్నాయి. నువ్వు వాటిని వేరే వేరే అధ్యాయాలు చేశావు. కలిపెయ్యి.

గ్రంథాలయోద్యమం మీద రెండు పేజీలు రాశావు. 1914 బెజవాడ సభ, ఆ ఉద్యమాన్ని నడిపించిన అయ్యంకి వెంకటరమణయ్యగారు, 1918లో వేటపాలెంలో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నాలుగు వాక్యాలు చాలు. ఆ చోటు మీ ఊరి గ్రంథాలయం రిజిస్టరుకి ఇవ్వు. మా నాన్నగారి గురించి రాసేటప్పుడు నేనూ అలాంటిదే ఒకటి తిరగేశాను. గడువు దాటిన పుస్తకాల జరిమానా పక్కన, పిల్లల పేర్లకు ఎదురుగా, "నేనే కట్టాను" అని ఆయన దస్తూరీ. ఇంట్లో ఏనాడూ చెప్పలేదు. ఆ పేజీ ముందు చాలాసేపు కూర్చుండిపోయాను.

ఇక రిటైర్మెంటు. "1983లో పదవీ విరమణ చేశారు" అని ఒక్క ముక్కలో దాటేశావు. అది మామూలు విరమణ కాదమ్మా. ఆ ఫిబ్రవరి 8న రాష్ట్ర ప్రభుత్వం తన ఉద్యోగుల రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కి తగ్గించింది. అప్పటికే 55 నిండినవాళ్ళు 28వ తేదీకల్లా దిగిపోవాల్సి వచ్చింది. మధ్యలో ఇరవై రోజులు! మీ తాతగారికి అప్పుడు 56, మీ అమ్మకి ఇంకా పెళ్ళి కాలేదు. పుస్తకాల అట్టల పని రోజూ మొదలైంది ఆ తర్వాతే అని నువ్వే రాశావు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడు.

మార్చి 1, మంగళవారం. ఆయన పనిచేసిన బడి గంట వినిపించేంత దూరంలోనే ఇల్లు అన్నావు. ఆ పొద్దున తొమ్మిదిన్నరకి ఆయన ఏం చేశారు? అలవాటుగా ఇస్త్రీ పంచె కట్టుకున్నారా? మీ అమ్మమ్మకి గుర్తుండే ఉంటుంది. తీరిగ్గా, పక్కన కూర్చుని అడుగు. ఆవిడ మాటల్లోనే రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.