కూర్చోలేని అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

చిట్టితల్లికి,

సోమవారం నుంచి ఫిజియోథెరపీకి వెళుతున్నావని మీ అమ్మ చెప్పింది. నొప్పి వెన్ను చివరనుండే తోక ఎముక దగ్గర అని డాక్టరుకు దాచకుండా చెప్పావట, ఎంత గర్వంగా అనిపించిందో! కానీ వీడియోలు చూసి, మూత్రం, మలం ఆపుకునే కింది కండరాలను బిగించే వ్యాయామాలు అప్పుడే మొదలుపెట్టావని వినగానే గుండె గుభేలుమంది.

అరగంటకోసారి కుర్చీలోంచి లే. మలబద్ధకం రానివ్వకు. లేచేటప్పుడు ముందుకు వంగి లే. ఇవి నీకు తెలిసినవే.

ఇక నా నిర్వాకం విను. పెళ్లయిన కొత్తలో మెట్ల మీద జారి చతికిలబడ్డాను. కూర్చుంటే ఒక బాధ, కూర్చున్న చోటి నుంచి లేచే క్షణం నరకం. తోక ఎముక అని నోరు తెరిచి చెప్పడానికి సిగ్గు. అందరికీ నడుము నొప్పి అన్నాను, డాక్టరుకూ అదే చెప్పాను. పాపం, ఆయన నడుముకే ఎక్స్‌రే తీయించారు, నడుముకే మందులిచ్చారు. ఎనిమిది నెలలు గడిచాయి! ఈ నొప్పి మగవాళ్లకంటే ఆడవాళ్లకు 5 రెట్లు ఎక్కువట, దాచుకునేదీ మనమే. ఈలోగా మధ్యలో చిల్లున్న గుండ్రటి దిండు కొన్నాను. దాని మీద కూర్చుంటే ఎముక ఇంకా లాగేది. వెనకవైపు కోసినట్టు ఖాళీ ఉన్న ఏటవాలు దిండు కావాలని అప్పుడు తెలియదు.

అది చాలదన్నట్టు, కింది కండరాలు బలహీనపడ్డాయని ఎవరో అంటే రోజుకు నూరుసార్లు బిగించాను. నొప్పి రెట్టింపైంది. చివరికి ఒక ఫిజియోథెరపిస్టు చెప్పింది: తోక ఎముక అంటే 3 నుంచి 5 చిన్న ఎముకల ముక్క, ఆ కింది కండరాలు, అంటే కటి అడుగు కండరాలు, దానికే అంటుకుని ఉంటాయి. దెబ్బ భయానికి అవి బిగుసుకుపోతే మీరు ఇంకా బిగిస్తున్నారు, వదలడం నేర్చుకోండి అని. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పొట్ట నిండా నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం, పిరుదుల కండరాలను సాగదీయడం, అంతే. నెలన్నరకు సినిమా పూర్తిగా కూర్చుని చూశాను!

అందరికీ బిగుతే ఉంటుందని కాదు తల్లీ, బలహీనత ఉన్నవాళ్లూ ఉంటారు. కానీ ఏదో పరీక్ష చేసి చెప్పాల్సింది ఫిజియోథెరపిస్టులే, వీడియో కాదు. ఒక్కోసారి చేతికి తొడుగు వేసుకుని మలద్వారం లోపలి నుంచి కండరాలను వదులు చేస్తారు. ముందుగా వివరంగా చెప్పి, నువ్వు సరేనంటేనే చెయ్యాలి. ఆడ ఫిజియోథెరపిస్టును అడుగు, తోడుగా ఎవరైనా ఉండాలన్నా అడుగు, వద్దనిపిస్తే వద్దను. మర్యాదకోసం పళ్లు బిగబట్టి భరించావంటే నేనే వచ్చి చెవి మెలేస్తాను.

జ్వరం వచ్చినా, అక్కడ వాచి చీము కారినా, కాళ్ల మధ్య మొద్దుబారినా, మూత్రం ఆపుకోలేకపోయినా ఫిజియోథెరపీ కాదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లు.

నా ఏటవాలు దిండు కవరు ఉతికి ఆరేశాను. ఆదివారం మీ అమ్మ చేతికిచ్చి పంపిస్తాను. రంగు వెలిసిందని మొహం ముడుచుకోకు.

నీ పెద్దమ్మ