సినిమాలో మాట స్పష్టంగా రావాలంటే: హోమ్ థియేటర్ రిసీవర్ అమరికపై పాఠకుల ప్రశ్నలు

స్పీకర్లకు ధ్వనిని పంచే రిసీవర్‌తో పాటు ఐదు స్పీకర్లు, తక్కువ స్వరాలు పలికే ఒక సబ్‌వూఫర్ తెచ్చుకుని, అన్నీ కలిపిన తర్వాత కూడా ఆశించిన ధ్వని రాలేదని చాలామంది పాఠకులు రాశారు. ఆ ఉత్తరాల్లో చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే, పరికరం పాడైన సందర్భాలు చాలా తక్కువగా కనిపిస్తున్నాయి. ఎక్కువ ఇబ్బందులకు కారణం స్పీకర్ ఉన్న చోటు, టీవీ మెనూలో మిగిలిపోయిన ఒక ఎంపిక, లేదా రిసీవర్‌కు మనం ఇచ్చిన తప్పు సమాచారం. అందువల్ల కొత్త పెట్టె కొనే ఆలోచన చేసే ముందు ఈ జవాబులను ఒకసారి చూడవలసిందిగా కోరుతున్నాను.

ప్రశ్న: టీవీలోని యాప్‌లలో సినిమా పెట్టినప్పుడు ముందున్న రెండు స్పీకర్లు, సబ్‌వూఫర్ మాత్రమే పలుకుతున్నాయి. వెనక స్పీకర్లు పాడయ్యాయా?

జవాబు: రిసీవర్ మెనూలో ఒక్కొక్క స్పీకర్ నుంచి వరుసగా హోరు వంటి శబ్దం వినిపించే టెస్ట్ టోన్ ఉంటుంది. ముందు దాన్ని నడపండి. వెనక స్పీకర్లు అప్పుడు పలికితే వాటిలోనూ, వాటి వైర్లలోనూ లోపం లేనట్టే. ఆ తర్వాత సినిమా నడుస్తుండగా రిసీవర్ ముందు భాగంలోని డిస్‌ప్లేను చదవండి. అక్కడ డాల్బీ డిజిటల్ ప్లస్ అనో, డాల్బీ అట్మాస్ అనో కనిపిస్తే సాధారణంగా బహుళ చానళ్ల ధ్వని రిసీవర్ దాకా చేరుతున్నట్టు. స్టీరియో అనో, రెండు చానళ్ల పీసీఎం అనో కనిపిస్తే టీవీయే ధ్వనిని రెండు చానళ్లకు కుదించి పంపుతోందని గాని, మీరు ఎంచుకున్న భాషలో ఆ సినిమాకు స్టీరియో ట్రాక్ మాత్రమే ఉందని గాని అర్థం. రెండో కారణం చాలామందికి తట్టదు. ఒకే సినిమా ఒక భాషలో 5.1గా (ఐదు స్పీకర్లకూ, సబ్‌వూఫర్‌కూ వేర్వేరు ధ్వనితో), మరొక భాషలో స్టీరియోగా ఉండవచ్చు కాబట్టి యాప్‌లోని ఆడియో జాబితాను తెరిచి చూడండి.

టీవీ కుదిస్తున్న పక్షంలో దాని సౌండ్ మెనూలో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ అనే ఎంపికను వెతికి, పీసీఎంకు బదులు ఆటో, బిట్‌స్ట్రీమ్, పాస్‌త్రూ అనే వాటిలో అక్కడ ఏది ఉంటే దానికి మార్చండి. హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ టీవీ వైపున ఆర్క్ లేదా ఈఆర్క్ (టీవీ ధ్వనిని అదే కేబుల్‌లో రిసీవర్‌కు తిప్పి పంపే ఏర్పాటు) అని రాసి ఉన్న సాకెట్‌లోనే ఉండాలి. మిగతా సాకెట్లు ధ్వనిని వెనక్కి పంపలేవు. రిసీవర్ వైపున కూడా అది ఇన్‌పుట్‌లో కాకుండా, ఆర్క్ గుర్తు ఉన్న అవుట్‌పుట్‌లో ఉండాలి. చాలా మోడళ్లలో హెచ్‌డీఎమ్‌ఐతో కలిపిన పరికరాలు ఒకదాన్నొకటి నియంత్రించుకునే సీఈసీ అనే ఏర్పాటును ఆన్ చేస్తే తప్ప ఆర్క్ పనిచేయదు.

ఆర్క్ 2009లో హెచ్‌డీఎమ్‌ఐ 1.4తో వచ్చింది. ఈఆర్క్ 2017లో విడుదలైన హెచ్‌డీఎమ్‌ఐ 2.1లో భాగం. మీ టీవీలో ఆర్క్ మాత్రమే ఉన్నా నిరాశపడనక్కర్లేదు. యాప్‌లలో వచ్చే అట్మాస్ సాధారణంగా డాల్బీ డిజిటల్ ప్లస్‌లో ఇమిడి వస్తుంది కాబట్టి, టీవీ, రిసీవర్ రెండూ ఆ ఫార్మాట్‌ను అంగీకరిస్తే పాత ఆర్క్ కూడా దాన్ని మోయగలదు. బ్లూరే డిస్కులలోని డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో వంటివి ఆర్క్‌లో పట్టవు. వాటికి ఈఆర్క్ కావాలి, లేదా ప్లేయర్‌ను నేరుగా రిసీవర్‌కు కలపాలి. ఈ రెండింటిలో నేరుగా కలపడమే మంచిదని నా అభిప్రాయం. ధ్వని మధ్యలో టీవీ చేతుల మీదుగా పోకపోతే సందేహించవలసిన చోటు ఒకటి తగ్గుతుంది.

ప్రశ్న: సోఫా వెనక గోడకు ఆనుకుని ఉంది. సరౌండ్ స్పీకర్లను వెనక పెట్టే చోటు లేదు. ఏం చేయాలి?

జవాబు: 5.1 అమరికలో సరౌండ్ స్పీకర్లు వీపు వెనక ఉండనక్కర్లేదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు ప్రకారం, మీరు కూర్చున్న చోటు నుంచి సెంటర్ స్పీకర్‌కు గీసిన గీతను ఆధారంగా తీసుకుంటే, ముందు ఎడమ, కుడి స్పీకర్లు చెరొక 30 డిగ్రీల దూరంలోనూ, సరౌండ్ స్పీకర్లు 100 నుంచి 120 డిగ్రీల మధ్యలోనూ ఉండాలి. అంటే అవి మీ భుజాలకు ఇరుపక్కలా కాస్త వెనకగా ఉంటే చాలు. మీ గదిలో వాటిని పక్క గోడలకు, కూర్చున్నప్పటి చెవి ఎత్తు కంటే కొద్దిగా పైన బిగించండి. సోఫాను గోడ నుంచి ఒక మూరెడు ముందుకు జరపగలిగితే మాత్రం తప్పక జరపండి, ఎందుకంటే గోడ దగ్గర తక్కువ స్వరాలు పేరుకుని గుమ్మని మోగుతాయి.

సబ్‌వూఫర్‌కు చోటు వెతికే పద్ధతి ఒకటుంది. దాన్ని తాత్కాలికంగా మీరు కూర్చునే స్థానంలో ఉంచి, బేస్ ఎక్కువగా ఉన్న సంగీతం పెట్టి, దాన్ని ఉంచడానికి వీలున్న చోట్లన్నిటా నేల దగ్గరగా వంగి వినండి. ఏ చోట ప్రతి స్వరమూ సమంగా, తెరిపిగా వినిపిస్తే ఆ చోటే దానికి తగినది. చూడటానికి వింతగా ఉన్నా, ఇంతకంటే నమ్మదగిన ఉపాయం నాకు కనబడలేదు.

ప్రశ్న: రిసీవర్‌తో వచ్చిన మైక్‌తో ఆటోమేటిక్ అమరిక చేశాను. సబ్‌వూఫర్ 3 మీటర్ల దూరంలో ఉంటే రిసీవర్ 5 మీటర్లని చూపిస్తోంది. ముందు స్పీకర్లను లార్జ్ అని గుర్తించింది. వీటిని సరిచేయాలా?

జవాబు: మొదటిదాన్ని ముట్టుకోకండి, రెండోదాన్ని మార్చండి.

రిసీవర్ టేపుతో కొలవదు. శబ్దం స్పీకర్ నుంచి మైక్‌ను చేరడానికి పట్టిన సమయాన్ని కొలిచి దూరంగా రాస్తుంది. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు, కనుక ఒక మిల్లీసెకను ఆలస్యం దాదాపు 34 సెంటీమీటర్ల దూరంగా కనిపిస్తుంది. సొంత యాంప్లిఫయర్ ఉన్న సబ్‌వూఫర్ లోపలి ఫిల్టర్లు సంకేతాన్ని కొన్ని మిల్లీసెకన్లు ఆపుతాయి. అది ఆరు మిల్లీసెకన్లయితే రెండు మీటర్లు ఎక్కువగా నమోదవుతుంది. ఆ అంకె వల్లనే సబ్‌వూఫర్ ధ్వని మిగతా స్పీకర్ల ధ్వనితో ఏకకాలంలో మీ చెవిని చేరుతోంది. దాన్ని టేపు కొలతకు దిద్దితే ఆ పొందిక చెడిపోతుంది.

ఇక లార్జ్ విషయం. స్మాల్ అని ఎంచుకోవడం స్పీకర్‌ను తక్కువ చేయడం కాదు. ఆ స్పీకర్ మోయనక్కర్లేని తక్కువ స్వరాలను సబ్‌వూఫర్‌కు అప్పగించమని రిసీవర్‌కు చెప్పడం మాత్రమే. అన్ని స్పీకర్లనూ స్మాల్‌గా ఉంచి, క్రాస్‌ఓవర్‌ను, అంటే ఏ స్వరం దిగువన సబ్‌వూఫర్‌కు అప్పగించాలో చెప్పే హద్దును, సినిమా ధ్వని ప్రమాణాలు నిర్ణయించే టీహెచ్‌ఎక్స్ సంస్థ సిఫారసు చేసే 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. ఏదైనా చిన్న స్పీకర్‌కు రిసీవర్ 120 హెర్ట్జ్ అని నిర్ణయిస్తే దాన్ని కిందికి దించవద్దు. ఆ స్పీకర్ అంతకంటే దిగువ స్వరాలను సరిగా పలకలేదని కొలతలో తేలినందువల్లనే రిసీవర్ ఆ అంకె పెట్టింది. పైకి జరపడంలో మాత్రం అభ్యంతరం లేదు. సబ్‌వూఫర్ వెనక ఉన్న క్రాస్‌ఓవర్ నాబ్‌ను పూర్తిగా పైకి తిప్పి వదిలేయండి, ఆ పనిని రిసీవర్ ఒక్కటే చేయాలి. కొలత తర్వాత సబ్‌వూఫర్ స్థాయి మైనస్ 12 డెసిబెళ్ల అంచున ఆగి ఉంటే, సబ్‌వూఫర్ మీదున్న వాల్యూమ్ నాబ్‌ను తగ్గించి కొలతను మళ్లీ నడపండి.

ఆడిస్సీ, వైపావో, డిరాక్ అంటూ ఈ ఆటోమేటిక్ అమరిక పద్ధతికి కంపెనీని బట్టి పేరు మారుతుంది గానీ మైక్ పట్ల శ్రద్ధ అన్నిటికీ అవసరమే. మైక్‌ను చేతిలో పట్టుకోకుండా, సోఫా అంచున ఆనించకుండా, స్టాండ్ మీద చెవి ఎత్తులో నిలపండి. మొదటి కొలత మీరు నిత్యం కూర్చునే స్థానంలోనే జరగాలి. ఫ్యాన్, ఏసీ ఆపి, కొలత పూర్తయ్యేదాకా ఎవరూ మాట్లాడకుండా చూసుకోండి.

ప్రశ్న: మా అమ్మగారికి సినిమాలో మాటలు అర్థం కావడం లేదు. మాటల కోసం వాల్యూమ్ పెంచితే పోరాట సన్నివేశంలో ఇల్లు అదురుతుంది. రిమోట్ చేతిలోనే పట్టుకుని కూర్చోవలసి వస్తోంది.

జవాబు: ఇది నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. కథ నడిచేది మాటలతో. అవి అందకపోతే చుట్టూ ఎన్ని స్పీకర్లు మోగినా ప్రయోజనం లేదు.

సినిమా హాలులో ఒక్కొక్క ప్రధాన చానల్ 85 డెసిబెళ్ల స్థాయికి సరిచేయబడి, 105 డెసిబెళ్ల దాకా వెళ్లే అవకాశంతో ఉంటుంది. ఇంట్లో మనం అంతకంటే చాలా తక్కువ స్థాయిలో వింటాం కాబట్టి, మిక్సింగ్‌లో నెమ్మదిగా ఉంచిన మాటలు గది చప్పుడులో కలిసిపోతాయి. దానికి తోడు, వయసుతో ముందుగా తగ్గేది పై స్వరాల వినికిడి. స, ష, త, ట వంటి హల్లుల స్పష్టత ఆ పై స్వరాల్లోనే ఉంటుంది. అందుకే మీ అమ్మగారికి శబ్దం వినిపిస్తున్నా మాట విడివడి అందదు.

సినిమాలో సంభాషణ అత్యధికంగా సెంటర్ స్పీకర్ నుంచే వస్తుంది. ముందు దాన్ని చూడండి. అది టీవీ బల్ల అరలోపలికి నెట్టబడి ఉంటే, అర ముందు అంచు దాకా జరిపి, కింద చిన్న దిమ్మె పెట్టి, దాని ముఖం కూర్చున్నవారి చెవుల వైపు ఉండేలా వంచండి. ఈ ఒక్క మార్పుతోనే మాట తేటపడటం తరచూ జరుగుతుంది. తర్వాత రిసీవర్ మెనూలో మొత్తం వాల్యూమ్‌ను కాక, సెంటర్ చానల్ స్థాయిని మాత్రమే రెండు లేక మూడు డెసిబెళ్లు పెంచండి. హాల్, స్టేడియం, ఆల్ చానల్ స్టీరియో వంటి మోడ్‌లలో ఏదైనా ఎంచుకుని ఉంటే తీసేయండి. అవి మాటను గదంతా చల్లి, ప్రతిధ్వనిని కలుపుతాయి.

పోరాట సన్నివేశాల హోరుకు మందు వేరే ఉంది. డైనమిక్ రేంజ్ కంప్రెషన్, నైట్ మోడ్, డైనమిక్ వాల్యూమ్ అనే పేర్లలో ఏదో ఒకటి మీ రిసీవర్‌లో సాధారణంగా కనిపిస్తుంది. అది పెద్ద శబ్దాలను దించి, చిన్న శబ్దాలను లేపుతుంది. దీనివల్ల సినిమా సహజత్వం పోతుందని వాదించేవారున్నారు, ఒంటరిగా శ్రద్ధగా వినేవారి విషయంలో ఆ మాట నిజమే. కానీ ఇంటిల్లిపాదీ కలిసి చూసే వేళ పెద్దావిడకు ప్రతి మాటా అందడమే ముఖ్యం కాబట్టి, నేనైతే ఏ సంకోచమూ లేకుండా దాన్ని ఆన్ చేయమంటాను. గది నేల, గోడలు ఖాళీగా ఉంటే సోఫాకూ టీవీకీ మధ్య మందపాటి తివాచీ పరిచి, కిటికీలకు బరువైన తెరలు వేయండి. మాటను మసకబార్చే ప్రతిధ్వనిని ఏ సెట్టింగూ అంత బాగా తగ్గించలేదు.

ప్రశ్న: పెదవుల కదలికకూ మాటకూ పొంతన కుదరడం లేదు.

జవాబు: మాట ముందుగా వస్తుంటే రిసీవర్‌లోని ఆడియో డిలేను కొద్ది కొద్దిగా పెంచుతూ, దగ్గరగా తీసిన ముఖం ఉన్న సన్నివేశంలో సరిచూడండి. మాట ఆలస్యంగా వస్తుంటే డిలేను సున్నా చేసి, ఆటో లిప్ సింక్‌ను ఆపి చూడాలి. అప్పటికీ తగ్గకపోతే, ఆలస్యమైన ధ్వనిని రిసీవర్ ముందుకు తేలేదు కాబట్టి, సినిమా నడిపే ప్లేయర్ వంటి పరికరాన్ని టీవీకి కాకుండా నేరుగా రిసీవర్‌కు కలపడమే మార్గం.

ప్రశ్న: వాల్యూమ్ పెంచగానే రిసీవర్ దానంతటదే ఆగిపోతోంది.

జవాబు: అది తనను తాను కాపాడుకుంటోంది. ప్లగ్ తీసేసి, స్పీకర్ వైర్ల కొసలను ఒక్కొక్కటిగా పరిశీలించండి. ఎరుపు టెర్మినల్‌లోని వైరు నుంచి ఒక్క రాగి పోగు బయటికి వచ్చి నలుపు టెర్మినల్‌ను తాకినా ఇలాగే జరుగుతుంది. అదే సమయంలో రిసీవర్‌లోని ఎరుపు, స్పీకర్‌లోని ఎరుపుకే వెళ్తోందో లేదో కూడా చూడండి, ఒక స్పీకర్‌కు తారుమారైతే బేస్ పలచబడుతుంది. వైర్లు సరిగానే ఉంటే రిసీవర్ వెనక ముద్రించిన కనీస ఓమ్‌ల విలువను స్పీకర్ మీద రాసి ఉన్నదానితో పోల్చండి. కనీసం 6 ఓమ్‌లు కావాలన్న రిసీవర్‌కు 4 ఓమ్‌ల స్పీకర్లు కలిపితే దాని మీద భారం పెరుగుతుంది. మూసిన అల్మరాలో వేడి బయటికి పోక ఆగిపోయే అవకాశమూ ఉంది. రిసీవర్ పైన ఏ పెట్టెనూ ఉంచకుండా, నాలుగు వేళ్ల ఎత్తుకు తక్కువ కాకుండా ఖాళీ వదిలి, అల్మరా తలుపు తెరిచి ఒక సినిమా పూర్తిగా నడిపి చూడండి. ఇవన్నీ సరిచేసినా ఆగిపోతుంటే స్పీకర్లన్నీ తీసేసి, ఒక్కొక్కటే కలుపుతూ పరీక్షించండి. ఏ స్పీకర్ కలిపినప్పుడు ఆగుతుందో, లోపం ఆ స్పీకర్‌లో గాని దాని వైరులో గాని ఉంటుంది. ఏ స్పీకర్ లేకుండానే ఆగితే మాత్రం మూత విప్పకుండా సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి, లోపలి కెపాసిటర్లలో ప్లగ్ తీసిన తర్వాత కూడా కొంతసేపు విద్యుత్తు నిలిచి ఉంటుంది.