టెక్ సందేహాలు: కెర్నల్ బిల్డ్ చేస్తే డిస్క్ మింగేసింది!

(కమాండ్లు, ఆప్షన్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే కొట్టండి.)

సార్, మాది బొబ్బిలి. బీటెక్ మూడో సంవత్సరం. ప్రాజెక్టు కోసం లినక్స్ కెర్నల్‌ని డీబగ్ సింబల్స్‌తో బిల్డ్ చేయమన్నారు. ఉబుంటు కాన్ఫిగ్ కాపీ చేసుకుని మేక్ కొట్టాను. ముందు ఏదో సర్టిఫికెట్ ఫైల్ లేదని ఎర్రర్. అది దాటాక డిస్క్ ఫుల్. చోటు చేసి పూర్తి చేస్తే, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు బూట్ పార్టిషన్ నిండింది. పైగా సింబల్స్ పెడితే సిస్టమ్ స్లో అవుతుందని ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా?

చివరి ప్రశ్న ముందు తేల్చేద్దాం. స్లో అవదు.

కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) క్రాష్ అయితే మనకు దొరికేది ఒక మెమరీ అడ్రస్. అది పొలం సర్వే నంబరు లాంటిది. నంబరు ఒక్కటే చూస్తే పొలం ఎవరిదో తెలీదు, అడంగల్ తీయాలి. ఏ అడ్రస్ ఏ సోర్స్ ఫైల్లో ఎన్నో లైనుకు చెందిందో రాసి ఉన్న అడంగలే డీబగ్ సమాచారం, అంటే మీరన్న సింబల్స్. ఇది డ్వార్ఫ్ అనే ఫార్మాట్‌లో, వీఎంలినక్స్ అనే పెద్ద ఫైల్లో ఉంటుంది. మీ ల్యాప్‌టాప్ బూట్ అయ్యేది దాంతో కాదు. అందులోంచి ఆ సమాచారమంతా తీసేసి, కుదించి తయారుచేసిన బీజెడ్‌ఇమేజ్‌తో. మాడ్యూళ్ల (కెర్నల్‌కి అవసరమైనప్పుడు తగిలించే డ్రైవర్ల లాంటి ముక్కల) విషయంలోనూ అంతే: ఫైల్లో సింబల్స్ ఉన్నా, లోడ్ అయ్యాక అవి మెమరీలో కూర్చోవు. ఖర్చంతా డిస్క్‌దీ, బిల్డ్ టైముదీ.

మీ ఫ్రెండ్స్ పొరబడటానికి కారణం లేకపోలేదు. మెనూకాన్ఫిగ్‌లో (కెర్నల్ ఆప్షన్లు ఎంచుకునే మెనూ) కెర్నల్ హ్యాకింగ్ అనే విభాగం కిందే కాసాన్ (మెమరీ తప్పులు పట్టేది), లాక్‌డెప్ (లాకుల తప్పులు పట్టేది) లాంటివి కూడా ఉంటాయి. అవి నిజంగానే బరువు. కాసాన్ మామూలు పద్ధతిలో ఆన్ చేస్తే మెమరీలో ఎనిమిదో వంతు తన లెక్కల కోసమే పక్కన పెట్టుకుంటుంది. ‘డీబగ్’ అన్న మాట కనిపించిన ప్రతిదానికీ టిక్ పెట్టేసి, తర్వాత సింబల్స్‌ని తిట్టుకునేవాళ్లు చాలామందే ఉన్నారు.

ఇక మీ డిస్క్ సంగతి. ఉబుంటు తన కెర్నళ్లను డీబగ్ సమాచారంతోనే బిల్డ్ చేసి, ఆ భాగాన్ని తర్వాత వేరే ప్యాకేజీగా విడదీస్తుంది. కాబట్టి ఆ కాన్ఫిగ్ కాపీ చేసుకున్నప్పుడే మీకు సింబల్స్ ఆన్ అయిపోయాయి. దాంతోపాటు వేల డ్రైవర్లు కూడా మాడ్యూళ్లుగా వచ్చాయి. మీ ల్యాప్‌టాప్ జన్మలో చూడని సర్వర్ కార్డులకు కూడా సింబల్స్‌తో సహా డ్రైవర్లు తయారయ్యాయన్నమాట. డిస్క్ నిండకేం చేస్తుంది?

దీనికి మందు మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్. ఆ నిమిషానికి మీ సిస్టమ్‌లో లోడ్ అయి ఉన్న మాడ్యూళ్లనే ఉంచి, మిగతావాటిని తీసేస్తుంది. ఒక జాగ్రత్త: ఆ కమాండ్ కొట్టే ముందు మీరు వాడేవన్నీ ఒక్కసారి తగిలించండి. పెన్‌డ్రైవ్, ప్రింటర్, ముఖ్యంగా యూఎస్‌బీ టెథరింగ్‌లో ఫోను. ఫోను తగిలించకుండా కాన్ఫిగ్ చేస్తే, కొత్త కెర్నల్‌లో టెథరింగ్ డ్రైవర్ ఉండదు. నెట్టే ఫోను మీద ఆధారపడితే తర్వాత తల పట్టుకోవాలి.

తర్వాత మెనూకాన్ఫిగ్‌లో కెర్నల్ హ్యాకింగ్, అందులో కంపైల్ టైమ్ చెక్స్, అందులో డీబగ్ ఇన్ఫర్మేషన్. ఇక్కడ డ్వార్ఫ్ 4, డ్వార్ఫ్ 5, కంపైలర్ ఇష్టానికి వదిలేయడం, అసలు వద్దు అనే ఎంపికలు ఉంటాయి. కంపైలర్‌కే వదిలేయండి. దగ్గర్లోనే రెడ్యూస్డ్ అనే ఆప్షన్ కనిపిస్తుంది. స్ట్రక్చర్ల వివరాలు తగ్గించి చోటు మిగులుస్తుంది. లైను నంబర్లు తెలిస్తే చాలనుకుంటే అది మంచి బేరమే. కానీ జీడీబీ అనే డీబగ్గర్‌తో స్ట్రక్చర్ల లోపలికి దిగి చూడాలంటే పనికిరాదు. అది పెడితే బీటీఎఫ్ (కెర్నల్ టైపుల వివరాల చిన్న పట్టిక) కూడా పోతుంది, అంటే బీపీఎఫ్ (కెర్నల్ లోపల చిన్న ప్రోగ్రాములు నడిపే ఏర్పాటు) మీద నడిచే కొన్ని ట్రేసింగ్ పనిముట్లు మొరాయిస్తాయి. ప్రాజెక్టు అన్నారు కాబట్టి మీరు దాని జోలికి వెళ్లకండి.

బీటీఎఫ్ ఉంచుకుంటే పహోల్ అనే ప్రోగ్రామ్ కావాలి. ఉబుంటులో అది డ్వార్వ్స్ అనే ప్యాకేజీలో వస్తుంది. చివరి లింకింగ్ దశలో ఇది ర్యామ్ బాగా తింటుంది. 4 జీబీ మెషీన్‌లో ‘కిల్డ్’ అనే ఒక్క మాట కనిపించి బిల్డ్ ఆగితే కోడ్‌లో తప్పు వెతక్కండి, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ చోటు) పెంచండి.

సర్టిఫికెట్ ఎర్రర్‌ని మీరు ఎలా దాటారో రాయలేదు. సరైన దారి ఇది: సిస్టమ్ ట్రస్టెడ్ కీస్, సిస్టమ్ రివొకేషన్ కీస్ అనే రెండు ఆప్షన్లలో ఉబుంటు సొంత సర్టిఫికెట్ ఫైళ్ల పేర్లు ఉంటాయి. కెర్నల్.ఆర్గ్ సోర్స్‌లో ఆ ఫైళ్లు ఉండవు. ఆ పేర్లు చెరిపి ఖాళీగా వదిలేయండి, సరిపోతుంది.

బూట్ పార్టిషన్ నిండటానికి కారణం ఇనిట్‌ఆర్‌డీ, అంటే బూట్ మొదట్లో కావలసిన మాడ్యూళ్లుండే ఫైలు. సింబల్స్‌తో ఉబ్బిన మాడ్యూళ్లు అలాగే అందులోకి వెళ్లిపోయాయి. మేక్ మాడ్యూల్స్ ఇన్‌స్టాల్ కొట్టేటప్పుడు ఇన్‌స్టాల్ మాడ్ స్ట్రిప్ అనే వేరియబుల్‌కి 1 ఇవ్వండి. ఇన్‌స్టాల్ అయ్యే కాపీల్లోనే సింబల్స్ పోతాయి, బిల్డ్ ఫోల్డర్‌లోని అసలైనవి అలాగే ఉంటాయి. పని అయిపోయింది కదా అని మేక్ క్లీన్ కొట్టేసేరు! అక్కడి వీఎంలినక్స్ పోతే ఇంత కష్టం వృథా.

గురువుగారూ, పలాసలో మాకు జీడి ఫ్యాక్టరీ ఉంది. ఆఫీసులో లెక్కల కంప్యూటర్‌ ఉబుంటుతో నడుస్తుంది. అప్పుడప్పుడు ఉన్నట్టుండి బిగుసుకుపోతోంది. లాగ్‌లో ‘ఊప్స్’, ‘ఆర్‌ఐపీ’ అని లైన్లున్నాయి. రిపేరు చూసే కుర్రాడు కెర్నల్‌ని డీబగ్ సింబల్స్‌తో మళ్లీ బిల్డ్ చేస్తేనే కారణం తెలుస్తుందంటున్నాడు. చేయించమంటారా?

వద్దండీ. అతని ఉద్దేశం మంచిదే కానీ లెక్క తప్పింది. కొత్తగా బిల్డ్ చేసిన కెర్నల్‌లో అడ్రస్‌లన్నీ మారిపోతాయి. రీసర్వే అయ్యాక పాత నంబరు పట్టుకుని కొత్త అడంగల్‌లో వెతికినట్టుంటుంది. ఏ కెర్నల్ క్రాష్ అయిందో సరిగ్గా దాని సింబల్సే కావాలి. ఉబుంటు వాటిని తయారుగా ఉంచుతుంది: డీడెబ్స్ అనే రిపాజిటరీని చేర్చుకుని, మీ కెర్నల్ వెర్షన్‌కి సరిపోయే డీబీజీసిమ్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తే చాలు. డౌన్‌లోడ్ పెద్దదే, వైఫై ఉన్నచోట చేయించండి.

ఆర్‌ఐపీ (దెబ్బ తగిలిన చోటు చెప్పేది) లైన్లో ఒక ఫంక్షన్ పేరు, ప్లస్ గుర్తు, ఒక అంకె, స్లాష్, ఇంకో అంకె ఉంటాయి. మొదటి అంకె ఫంక్షన్‌లో ఎంత లోపల దెబ్బ తగిలిందో చెబుతుంది, రెండోది ఆ ఫంక్షన్ మొత్తం సైజు. కెర్నల్ సోర్స్‌తో వచ్చే ఎఫ్‌యాడర్‌టూలైన్ అనే స్క్రిప్టుకి ఆ మొత్తం, వీఎంలినక్స్ ఇస్తే ఫైలు పేరు, లైను నంబరు చెప్పేస్తుంది. సైజు కుదరకపోతే ఫిర్యాదు చేస్తుంది, అంటే వేరే కెర్నల్ సింబల్స్ పెట్టారన్నమాట.

అయితే మీరు వ్యాపారస్తులు, ఇదంతా ఎందుకు? ముందు గ్రబ్ మెనూలో (బూట్ అయ్యేటప్పుడు వచ్చేది) అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లి పాత కెర్నల్‌తో కొన్నాళ్లు నడపండి. అప్పుడు బిగుసుకోకపోతే తప్పు కొత్త కెర్నల్‌దో, దాని డ్రైవర్‌దో అనుకోవచ్చు. అప్పుడూ అదే పాటైతే మెమ్‌టెస్ట్‌తో ర్యామ్ పరీక్షించండి. ప్రతిసారీ ఊప్స్ (కెర్నల్ ఇచ్చే తప్పు నివేదిక) వేర్వేరు ఫంక్షన్లలో వస్తుంటే నా అనుమానం మొదట ర్యామ్ మీదే. లెక్కల ఫైళ్లకు మాత్రం ఈరోజే బ్యాకప్ తీయించండి.

జీడీబీలో వేరియబుల్ చూడబోతే ‘ఆప్టిమైజ్డ్ అవుట్’ అంటోంది. సింబల్స్ ఉన్నా ఎందుకిలా? – నరసన్నపేట పాఠకుడు

కెర్నల్‌ని ఓ2 స్థాయి ఆప్టిమైజేషన్‌తో కంపైల్ చేస్తారు. మామూలు ప్రోగ్రాముల్లాగా ఓ0 (ఆప్టిమైజేషన్ లేకుండా) పెట్టి బిల్డ్ చేయడం కుదరదు. కంపైలర్ అవసరం లేదనుకున్న వేరియబుల్‌ని ఆ చోట ఎక్కడా దాచలేదు, సింబల్స్ ఉన్నా చూపించడానికి ఏమీ లేదు. మీరు గమనిస్తున్న ఫంక్షన్‌కి నోఇన్‌లైన్ అని చేర్చండి, లేదా విలువను లాగ్‌లో రాసే ఒక ప్రింట్‌కే లైను వేయండి. పాత పద్ధతే, ఇప్పటికీ పెద్దవాళ్లు కూడా వాడతారు. క్యూఈఎంయూ అనే వర్చువల్ మెషీన్‌లో చేస్తుంటే బూట్ లైన్లో నోకేఏఎస్ఎల్ఆర్ పెట్టడం మర్చిపోవద్దు. లేకపోతే కెర్నల్ ప్రతి బూట్‌కీ వేరే అడ్రస్‌లో కూర్చుంటుంది, మీ బ్రేక్‌పాయింట్లు గాల్లో ఉంటాయి.

మా చీపురుపల్లి వైపు గాలీవానా వస్తే కరెంటు పోతుంది. డెస్క్‌టాప్‌లో బిల్డ్ మధ్యలో ఆగితే మళ్లీ మొదటి నుంచేనా? సోర్స్ డౌన్‌లోడ్‌కే నెట్ డేటా అంతా అయిపోతోంది.

మొదటి నుంచి అక్కర్లేదు. మేక్ మళ్లీ కొడితే పూర్తయిన ఫైళ్లను వదిలి మిగిలినవే చేస్తుంది. కరెంటు పోయిన క్షణంలో రాస్తున్న ఆబ్జెక్ట్ ఫైలు పాడయ్యే ప్రమాదం మాత్రం ఉంది. ఎర్రర్‌లో ఏ ఫైలు పేరు వస్తే దాన్ని డిలీట్ చేసి మళ్లీ మేక్ కొట్టండి. సోర్స్‌కి గిట్ క్లోన్ చేయకండి, మొత్తం చరిత్రతో గిగాబైట్లు లాగేస్తుంది. కెర్నల్.ఆర్గ్‌లో టార్ ఫైలు సుమారు 150 ఎంబీ ఉంటుంది. గిట్టే కావాలంటే డెప్త్ 1 అని ఇవ్వండి.

సొంత కెర్నల్ ఇన్‌స్టాల్ చేశాక సిగ్నేచర్ బాగోలేదని బూట్ అవడం లేదు. – రాజాం విద్యార్థిని

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది. మీ కెర్నల్‌కి సంతకం లేదు కాబట్టి ఆపేస్తోంది. ప్రయోగాల మెషీనే అయితే బయాస్‌లో దాన్ని ఆఫ్ చేయండి. అదే ల్యాప్‌టాప్‌లో విండోస్‌కి బిట్‌లాకర్ ఉంటే ఆఫ్ చేసే ముందు దాని రికవరీ కీ రాసిపెట్టుకోండి, తర్వాత అడుగుతుంది.