ట్రైలర్ ఊగుతుందంటే ముందు బరువు ఎక్కడుందో చూడుండ్రి

అన్నా, 1200 కిలోల క్యాంపింగ్ ట్రైలర్‌ని మీ పెద్ద ఎస్‌యూవీకి తగిలించి హన్మకొండ నుంచి లక్నవరం పోతుంటే 60 దాటంగనే అది అటూ ఇటూ ఊగుతుందన్నరు కదా, అది ఇంజిన్ పవర్ సంగతి కాదు, సామాను సర్దిన తీరుతోనే వస్తుంది. హిచ్ బాల్ (బండి ఎన్క ట్రైలర్ తగిలించే ఇనుప గుండు) మీద ట్రైలర్ మొత్తం బరువుల 10 నుంచి 15 శాతం పడాలె, అంటే మీకు 120 నుంచి 180 కిలోలు. మీరేమో నీళ్ల ట్యాంకు, జనరేటర్ రెండూ ట్రైలర్ యాక్సిల్‌కు (చక్రాల ఇరుసుకు) ఎన్కనే పెట్టిన్రు, 100 లీటర్ల నీళ్లంటేనే 100 కిలోలాయె, దాంతోని ట్రైలర్ ముందు భాగం తేలికైపోతది, అందుకే ఊగుతది. అవి యాక్సిల్ మీదికి, కొంచెం ముంగటికి జరుపుండ్రి. తర్వాత సామానంత ఎక్కించినంక వడ్ల కాంటా ఉన్నకాడ ట్రైలర్‌ను సమానంగ నిలబెట్టి, చక్రాలకు రాళ్లు పెట్టి, బండి నుంచి విప్పి, కప్లర్ (హిచ్ బాల్ మీద కూసునే ట్రైలర్ ముందు కొన) కింద గట్టి కట్టె నిలబెట్టి అక్కడి బరువొక్కటే జోకించుండ్రి, అందాజ మీద అస్సలు వద్దు. బండి మాన్యువల్‌ల హిచ్ లిమిట్ (హిచ్ మీద ఎంత బరువు పడొచ్చో అది) కూడ చూడుండ్రి, అది దాటితే ముందు టైర్లకు పట్టు తగ్గుతది. టైర్ల గాలి చల్లగున్నప్పుడే చెక్ చేయాలె.

ఇగ దారిల మళ్ల ఊగితే గట్టిగ బ్రేక్ కొట్టొద్దు, స్పీడ్ పెంచొద్దు, స్టీరింగ్ సీదగ పట్టుకొని యాక్సిలరేటర్ మెల్లగ వదులుండ్రి, బండ్ల పిల్లలుంటరు కాబట్టి ఇదొక్కటి మాత్రం మర్చిపోకుండ్రి అన్నా.