కొండవాలులో ఇల్లు: ముందు నీళ్ల దారి చూడండి

సింహాచలం కొండల వైపు వాలు స్థలం ఉంది, ఇక్కడ దొరికే సామగ్రితోనే ఈ కాలానికి తగ్గ ఇల్లు కట్టుకోవచ్చా అని అడిగారు. కట్టుకోవచ్చు. మేం కట్టుకుని ఆరేళ్లయింది.

జేసీబీతో వాలంతా కోసి, ఆ మట్టినే ముందువైపు పోసి చదును చేద్దామని చాలామంది చెప్తారు. ఒప్పుకోకండి. సగం ఇల్లు గట్టినేల మీద, సగం పోసిన మట్టి మీద ఉంటే ఆ పోసిన వైపు కుంగి గోడలు నెర్రెలిస్తాయి. మేం వాలును రెండు మెట్లుగానే ఉంచాం. వంటిల్లు, హాలు, అమ్మానాన్నల గది రోడ్డు మట్టంలో, మా గదులు పైమెట్టులో.

మన కొండల్లో ఎక్కువగా దొరికేది ఖోండలైట్ అనే రాయి. ఎర్రటి గార్నెట్ చుక్కలతో చూడ్డానికి ఎంత బాగుంటుందో! కానీ వానకూ ఎండకూ మెత్తబడిపోయిన రాయి కూడా అందులోనే కలిసి ఉంటుంది. మా మేస్త్రి ప్రతి రాయినీ సుత్తితో కొట్టి వినేవారు. ఖంగుమంటే గోడకు, లేదంటే పక్కకు. "ఇది పనికిరాదు బాబూ" అని ఒకటి నా చేతిలో పెట్టారు. బొటనవేలితో గీస్తే పసుపు రంగు పొడి రాలింది. తవ్వకంలో వచ్చిన గట్టిరాయి, పైమెట్టు మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ వాల్‌కు సరిపోయింది. పునాదికి మాత్రం నల్లరాయి తెప్పించాం.

ఆ రిటైనింగ్ వాల్ దగ్గరే దెబ్బ తిన్నాం. నీళ్లు పోయే పైపులు పెట్టించాం గానీ, వాటి వెనక కంకర వేయకుండా మట్టి నింపేశారు. అక్టోబరు వానలకు పైపుల్లోంచి చుక్క రాలేదు, గోడ మాత్రం నడుమ ముందుకు ఉబ్బింది. ఆ రాత్రంతా టెన్షన్‌తో ఎవరికీ నిద్ర లేదు. ఉబ్బిన భాగం విప్పి, వెనక అడుగున్నర మందాన కంకర పోసి మళ్లీ కట్టించాం. తర్వాతి వానకు పైపుల్లోంచి నీళ్లు ధారగా పడుతుంటే అమ్మ చేతులెత్తి దండం పెట్టింది.

ఇంటి గోడలకు ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) ఇటుకలు వాడాం. పరవాడలో సింహాద్రి థర్మల్ ప్లాంటు ఉంది కాబట్టి బూడిదకు మనకు కొరత లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూసినవాళ్లం, అందుకే పెంకులు వరండా వరకే, అవీ తీగతో కట్టించినవి. మిగతాదంతా శ్లాబే. ఉప్పుగాలికి ఇనుప కిటికీలు తుప్పు పడతాయి, చెక్కవి పెట్టుకోండి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మట్టి ఎవరైనా తెచ్చిస్తామంటే దయచేసి వద్దనండి. అవి మనం కాపాడుకోవాల్సినవి.

ప్లాన్ గీయించే ముందు ఒక్క పెద్ద వానలో గొడుగేసుకుని స్థలానికి వెళ్లండి. నీళ్లు పారే దారి పొడవునా పుల్లలు పాతండి. ఆ దారికి ఏ గోడా అడ్డం రాకూడదని ఇంజనీరుకు చెప్పండి. మా ఇంట్లో ఆ దారే ఇప్పుడు మెట్ల పక్కన రాతికాలువ.