పాత ఫ్యామికామ్ కొనబోతున్న మేనల్లుడికి

విజయవాడ

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి టోక్యో నుంచి వస్తూ నింటెండో వాళ్ల పాత వీడియో గేము యంత్రం ఫ్యామికామ్ ఒకటి తెస్తానని, ఏది చూసి కొనాలో చెప్పమని రాశావు. ముప్పై ఏళ్లు టీవీలు బాగుచేసినవాణ్ణి, పైగా తొంభైలలో ఆ యంత్రానికి నకళ్లుగా మన బజారుకు వచ్చిన వీడియో గేములు కూడా మా కొట్టుకే మరమ్మతుకు వచ్చేవి కనుక, నాకు తెలిసినంతవరకు చెబుతాను.

1983 జులైలో 14,800 యెన్‌లకు అమ్మకానికి వచ్చిన ఎరుపు, తెలుపు రంగుల మొదటి ఫ్యామికామ్ చూడముచ్చటగా ఉంటుంది గానీ దాని జోలికి వెళ్లకు. అది బొమ్మను యాంటెన్నా తీగ గుండా, జపాన్ టీవీ ఛానళ్ల ఫ్రీక్వెన్సీలోనే, ఎన్‌టీఎస్‌సీ అనే వాళ్ల టీవీ సిగ్నల్ పద్ధతిలో పంపుతుంది. మనది పాల్ పద్ధతి కావడంతో ఇక్కడ నీకు బొమ్మ, రంగు, శబ్దం అన్నీ తలనొప్పే అవుతాయి. 1993 డిసెంబరులో వచ్చిన రెండో రూపానికి బొమ్మనూ శబ్దాన్నీ విడివిడిగా టీవీకి అందించే ఏవీ తీగ నేరుగా తగిలించవచ్చు, దానికి నింటెండో తర్వాతి యంత్రం సూపర్ ఫ్యామికామ్ తీగే సరిపోతుంది. మన హాల్లోని డబ్బా టీవీ ఏవీలో ఎన్‌టీఎస్‌సీని కూడా తీసుకుంటుంది కాబట్టి అదే కొను.

అడాప్టరు విషయంలో మాత్రం అశ్రద్ధ పనికిరాదు. ఫ్యామికామ్‌కు కావలసింది 10 వోల్టుల డీసీ, అదీ పిన్ను మధ్యలో నెగటివ్ ఉన్నది. దీని అమెరికా రూపమైన ఎన్ఈఎస్ అడాప్టరు ఇచ్చేది 9 వోల్టుల ఏసీ. పిన్ను పడుతోంది కదా అని దాన్ని గుచ్చితే యంత్రం పాడవుతుంది. జపాన్ అడాప్టరు 100 వోల్టులకు చేసినది గనుక మన గోడ ప్లగ్గులో పెట్టకు, ఇక్కడికి తగినది నేను చూసి ఉంచుతాను.

పాత సామాను కొట్లలో "జంక్" అని చీటీ అంటించినవి చవకగా దొరుకుతాయి, కానీ వాటికి పూచీ ఉండదు. కొట్టువాణ్ణి అడిగి ఆడి చూసి కొను. ఆడేటప్పుడు శత్రువులు గుంపుగా వచ్చినచోట బొమ్మలు మిణుకుమిణుకుమంటే యంత్రం చెడిందనుకోకు. ఒకసారి ఇదే ఫిర్యాదుతో వచ్చిన యంత్రాన్ని విప్పి, టంకం ఎక్కడ ఊడిందా అని ఒక పూటంతా వెతికాను. తెర మీద ఒక అడ్డగీతలో ఎనిమిదికి మించి కదిలే బొమ్మలను యంత్రంలోని బొమ్మల చిప్పు చూపలేదని తర్వాత తెలిసి నాలుక కరుచుకున్నాను.

అసలు ఆ ఇరుకులోనే దాని అందమంతా ఉందని నా నమ్మకం. 2 కేబీ వర్కింగ్ మెమరీతో, 40 కేబీలో ఇమిడిపోయిన సూపర్ మారియోలో ఆకాశంలోని మబ్బూ నేల మీది పొదా ఒకే బొమ్మ, రంగు మాత్రమే వేరు. ఉన్నంతలో గుట్టుగా సంసారం నెట్టుకొచ్చే ఇల్లాలి పనితనం అది. స్విచ్చి వేస్తే ఆట మొదలవుతుంది, డౌన్‌లోడు లేదు, ఎదురుచూపు లేదు. డబ్బా టీవీ మీద బటను నొక్కీ నొక్కగానే మారియో ఎగురుతాడు కాబట్టి గోతిలో పడితే తప్పు నీదేనని చిన్నపిల్లవాడికైనా తెలుస్తుంది, అందుకే మళ్లీ ఆడాలనిపిస్తుంది. జపాన్‌లో దీన్ని 2003 దాకా తయారుచేశారంటే కారణం ఊరికే పాత జ్ఞాపకాల మీద మమకారం అనుకోను.

క్యాసెట్లు మూడు నాలుగు చాలు. వేల ఆటలున్నాయని పైన ముద్రించి, లోపల అవే పది ఆటలను తిప్పి తిప్పి చూపిన నకిలీ క్యాసెట్లు ఈ చేతులతో ఎన్నో విప్పాను. ఆటను దాచుకునే సదుపాయమున్న క్యాసెట్లలో చిన్న బ్యాటరీ ఉంటుంది, అది అయిపోయినా బేరం వదులుకోకు, నేను మారుస్తాను. క్యాసెట్ పట్టకపోతే నోటితో ఊదవద్దు. ఆ రోజుల్లో పిల్లలకు ఊదమని చెప్పినవాణ్ణి నేనే, అది తప్పు. ఉమ్మి తడికి పిన్నులు తుప్పు పడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూది పుల్లతో తుడిచి, బాగా ఆరాక పెట్టు.

మీ అమ్మ అటక మీద దాచిన పసుపు క్యాసెట్లు కూడా 60 పిన్నులవే, అందులో పడతాయి. నువ్వు వచ్చేలోగా వాటిని దింపించి, టీవీ వెనక దుమ్ము కూడా దులిపి ఉంచుతాను.

మీ మావయ్య